నిద్రపోయే కీబోర్డు

తీగ లేకుండా కంప్యూటరుతో పనిచేసే కీబోర్డు మీరు చూసే ఉంటారు. లోపల ఉండేది చిన్న సెల్లే అయినా నెలల తరబడి పనిచేస్తుంది. ఎలాగంటారా? బహదూర్‌పల్లిలో మా తొమ్మిదో తరగతి పిల్లలతో కలిసి అలాంటిదొకటి తయారుచేసినప్పుడు ఈ ప్రశ్న మమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టింది.

కీబోర్డుకు గుండెకాయ మైక్రోకంట్రోలరు. గోరంత ముక్కలో ఇమిడిన కంప్యూటరు అనుకోండి. మేము వాడినదానిలో రేడియో కూడా ఉంది. 48 మీటలకు 48 తీగలు అక్కర్లేదు. 4 అడ్డు వరుసలు, 12 నిలువు వరుసలుగా అమర్చితే 16 తీగలు చాలు. మీట నొక్కితే ఒక అడ్డు తీగ, ఒక నిలువు తీగ కలుస్తాయి. గ్రాఫు కాగితంపై బిందువును గుర్తించినట్టే ఆ మీట ఏదో తెలిసిపోతుంది. రేడియో పంపేది అక్షరాన్ని కాదు, మీట సంఖ్యను. అది ‘కె’ అవుతుందో ‘క’ అవుతుందో కంప్యూటరే తేల్చుకుంటుంది.

శుక్రవారం బటన్ సెల్లు పెట్టి వెళ్లాం. సోమవారం వచ్చి చూస్తే కీబోర్డు చచ్చి పడి ఉంది. సెల్లు నకిలీదేమోనని కొట్టువాణ్ణి తిట్టుకున్నాం కూడా. తీరా చూస్తే తప్పు మా ప్రోగ్రాములోనే ఉంది.

లెక్క వేద్దాం. 2032 రకం బటన్ సెల్లులో సుమారు 220 మిల్లీ ఆంపియర్ గంటల విద్యుత్తు ఉంటుంది. మా మైక్రోకంట్రోలరు ఎవరైనా మీట నొక్కారా అని సెకనుకు వెయ్యిసార్లు వెతుకుతూ, ఎడతెరిపి లేకుండా 5 మిల్లీ ఆంపియర్లు తాగుతోంది. 220ని 5తో భాగిస్తే 44 గంటలు. శని, ఆదివారాలు ఎవరూ ముట్టుకోకపోయినా సెల్లు అయిపోయిందంటే ఆశ్చర్యమేముంది?

రాత్రంతా ఈలవేస్తూ తిరిగే గూర్ఖాను పడుకోబెట్టి, తలుపుకు గంట కట్టామనుకోండి. దొంగ తలుపు తోస్తే గంట మోగుతుంది, గూర్ఖా లేస్తాడు. మైక్రోకంట్రోలరునూ అలాగే నిద్రపుచ్చవచ్చు. మీట నొక్కగానే తీగలో వోల్టేజి మారుతుంది. అదే గంట! సెకనులో అతి చిన్న భాగంలో అది మేలుకొని, సంఖ్య పంపి, మళ్లీ పడుకుంటుంది. నిద్రలో అది వాడేది 5 మైక్రో ఆంపియర్లు, అంటే వెయ్యో వంతు.

రేడియో పనితో కలిపి రోజుకు మొత్తం పది నిమిషాలు మేలుకొని ఉందనుకుందాం. అందుకు 0.83, నిద్రకు 0.12, వెరసి 0.95 మిల్లీ ఆంపియర్ గంటలు. సెల్లు ఎన్ని రోజులు వస్తుందో మీరే భాగించి చూడండి. ఏడు నెలలు దాటుతుంది! సెల్లు పాతబడేకొద్దీ ఇందులో కొంత తగ్గుతుంది.

మీరూ తయారుచేస్తే బటన్ సెల్లును చిన్నపిల్లలకు అందనివ్వకండి. మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలిపోవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.