ఎనిమిదో సర్వర్

2012 ఆగస్టు 1 ఉదయం. అమెరికాలో స్టాక్ మార్కెట్ తెరుచుకునే వేళకి నైట్ క్యాపిటల్ అనే బ్రోకరేజి సంస్థ కొత్త సాఫ్ట్‌వేర్‌తో సిద్ధంగా ఉంది. దాన్ని ఎనిమిది సర్వర్లలోకి ఎక్కించాలి. అంతకుముందు కొద్ది రోజులుగా సిబ్బంది ఆ పని చేత్తోనే చేస్తూ వచ్చారు. ఏడింటిలోకి ఎక్కింది. ఎనిమిదోది మిగిలిపోయింది. ఒకరు చేసిన పనిని మరొకరు సరిచూడాలన్న నియమం అక్కడ లేదు.

ఆ ఎనిమిదో సర్వర్‌లో ఏళ్ల కిందటే వాడకం మానేసిన పాత కోడ్ చెక్కుచెదరకుండా ఉంది. కొత్త ఆర్డర్లు తగలగానే అది లేచి కూర్చుంది. 45 నిమిషాల్లో 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగిపోయాయి. కంగారులో సిబ్బంది, సరిగ్గా ఉన్న ఏడు సర్వర్లలోంచి కొత్త కోడ్‌ను తీసేశారు. దాంతో పాత కోడ్ అక్కడా నిద్రలేచింది. చివరికి పోయింది 46 కోట్ల డాలర్లకు పైమాటే. మరుసటి ఏడాది ఆ సంస్థ ఇంకో సంస్థలో కలిసిపోయింది.

సర్వర్లలోకి కోడ్ ఎక్కించే పనిని సాఫ్ట్‌వేర్ వాళ్లు డిప్లాయ్‌మెంట్ అంటారు. ఈ పని ఇప్పుడు చాలా చోట్ల మనిషి చేతిలో లేదు, ఒక ఫైల్లో ఉంది.

క్లౌడ్‌లో సర్వర్ కావాలంటే బ్రౌజర్ తెరిచి బటన్లు నొక్కుకుంటూ పోవచ్చు. లేదా నల్లటి తెర మీద ఒక ఆదేశం టైపు చేయవచ్చు. అమెజాన్ క్లౌడ్‌కైతే అది ‘ఏడబ్ల్యూఎస్’ అని మొదలవుతుంది, మైక్రోసాఫ్ట్ అజూర్‌కైతే ‘ఏజెడ్’ అని, గూగుల్‌కైతే ‘జీక్లౌడ్’ అని. నిన్న ఏ బటన్ నొక్కామో రేపటికి గుర్తుండదు. టైపు చేసిన వాక్యాన్ని మాత్రం దాచుకోవచ్చు, ఇంకొకరికి చూపించవచ్చు. అలాంటివి పదో ఇరవయ్యో వరసగా రాసి పెట్టుకుంటే స్క్రిప్టు అవుతుంది. అందులో ప్రతి అక్షరానికీ బరువుంటుంది. అమెజాన్ ఆదేశంలో ‘ఏపీ-సౌత్-1’ అని రాస్తే సర్వర్ ముంబైలో పుడుతుంది. చివరి అంకెను 2 చేస్తే హైదరాబాద్‌లో పుడుతుంది. అక్కడి కేంద్రాలను అమెజాన్ 2022 నవంబరులో ప్రారంభించింది. ఏపీ అనగానే మనకు ఆంధ్రప్రదేశ్ తోస్తుంది గానీ, ఇక్కడ దాని అర్థం ఆసియా పసిఫిక్.

ఈ స్క్రిప్టును నడిపేది పైప్‌లైన్. డెవలపర్ తన మార్పును, కోడ్ మార్పులన్నీ భద్రపరిచే గిట్‌లోకి పంపగానే జెంకిన్స్, గిట్‌హబ్ యాక్షన్స్, అజూర్ పైప్‌లైన్స్ వంటి వ్యవస్థ పని అందుకుంటుంది. ముందు పరీక్షలు పెడుతుంది. నెగ్గితే క్లౌడ్‌లోకి లాగిన్ అయి స్క్రిప్టులోని ఆదేశాలను ఒక్కొక్కటిగా అమలు చేస్తుంది. ఏ వాక్యం ఎప్పుడు నడిచిందో, ఏం జవాబొచ్చిందో లాగ్‌లో రాసుకుంటూ పోతుంది. సర్వర్లు ఎనిమిదైనా ఎనభై అయినా దానికి విసుగు రాదు.

విసుగు రాదు సరే, అనుమానం కూడా రాదు. అసలు చిక్కు అక్కడే ఉంది. ప్రతి ఆదేశమూ ముగిసేటప్పుడు ఒక అంకె చెప్పి పోతుంది. సున్నా చెబితే పని జరిగినట్టు, మరే అంకె చెప్పినా ఎక్కడో తప్పినట్టు. లినక్స్‌లో స్క్రిప్టులను నడిపే బాష్‌ను దాని మానాన వదిలేస్తే ఆ అంకెను పట్టించుకోకుండా తర్వాతి వాక్యానికి వెళ్లిపోతుంది. మొదటి వాక్యం డేటాకు నకలు తీయాలి, రెండోది పాత డేటాను చెరపాలి అనుకుందాం. నకలు తీయడం విఫలమైనా చెరపడం మాత్రం జరిగిపోతుంది! అందుకే అనుభవం ఉన్నవాళ్లు స్క్రిప్టు మొదట్లోనే ‘సెట్ మైనస్ ఈ’ అని రాస్తారు. తప్పు ఎదురైన చోటే ఆగిపొమ్మని దాని అర్థం. నైట్ క్యాపిటల్‌లో ఆ ఉదయం మార్కెట్ తెరుచుకోకముందే, లోపాన్ని ప్రస్తావిస్తూ 97 ఈ-మెయిళ్లు సిబ్బందికి వెళ్లాయి. వాటిని ఎవరూ హెచ్చరికగా తీసుకోలేదు. మెయిల్ సమాచారం ఇచ్చి ఊరుకుంటుంది. సరిగా రాసిన స్క్రిప్టు ఎనిమిది సర్వర్లనూ ‘నీలో ఉన్నది ఏ వెర్షన్?’ అని అడిగి, ఒక్కటి తేడాగా చెప్పినా ముందుకు కదలదు.

రెండోసారి నడిపితే ఏమవుతుందన్నదీ ముందే ఆలోచించాలి. నెట్‌వర్క్ తెగి పైప్‌లైన్ సగంలో ఆగితే మళ్లీ మొదటి నుంచి నడపక తప్పదు కదా. అజూర్‌లో రిసోర్స్ గ్రూపును, అంటే సర్వర్ల వంటివాటిని ఒకచోట చేర్చే గుంపును, సృష్టించే ఆదేశాన్ని అవే వివరాలతో మళ్లీ ఇస్తే ఇబ్బందేమీ లేదు, ఉన్నదాన్నే చూపిస్తుంది. అమెజాన్‌లో సర్వర్‌ను తెరిచే ఆదేశం మళ్లీ ఇస్తే మామూలుగా ఇంకో సర్వర్ తెరుచుకుంటుంది, దాని బిల్లూ పడుతుంది.

ఇక తాళంచెవుల సంగతి. క్లౌడ్‌లోకి వెళ్లాలంటే పైప్‌లైన్ దగ్గర తాళంచెవి ఉండాలి. 2021లో కోడ్‌కవ్ అనే సంస్థ తన ఖాతాదారులకు ఇచ్చే స్క్రిప్టులోకి ఎవరో ఒక వాక్యం చొప్పించారు. దాన్ని తమ పైప్‌లైన్లలో నడిపిన సంస్థల రహస్య వివరాలు జనవరి 31 మొదలు బయటి సర్వర్‌కు చేరుతూ వచ్చాయి. ఏప్రిల్ 1న గానీ అది బయటపడలేదు. శాశ్వతమైన పాస్‌వర్డును పైప్‌లైన్‌లో దాచే అలవాటు ఇప్పుడు తగ్గుతోంది. పైప్‌లైన్ నడిచినంతసేపే చెల్లే తాత్కాలిక టోకెన్‌ను క్లౌడ్ నుంచి అప్పటికప్పుడు తీసుకునే పద్ధతి వచ్చింది. గిట్‌హబ్ దీన్ని 2021లోనే అందుబాటులోకి తెచ్చింది.

ఇన్ని జాగ్రత్తల్లోనూ ఎక్కువ మేలు చేసేది, స్క్రిప్టును నడపకముందు ఇంకో మనిషి చదవడమే. తర్వాతిది, ఆదేశానికే హద్దు పెట్టడం. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఉద్యోగి ఒకరు వర్జీనియా కేంద్రంలోని ఎస్3 నిల్వ వ్యవస్థ నుంచి కొన్ని సర్వర్లను తప్పించడానికి ఆదేశం ఇచ్చారు. అనుమతి ఉన్న మనిషే, ఇచ్చింది ఎప్పటినుంచో వాడుతున్న ఆదేశమే. అందులో ఒక్క వివరం తప్పు పడింది. అనుకున్నవాటి కంటే ఎక్కువ సర్వర్లు ఊడిపోయి, ఎన్నో వెబ్‌సైట్లు గంటల తరబడి మూగబోయాయి. తర్వాత అమెజాన్ ఆ పనిముట్టును మార్చింది. ఇప్పుడది సర్వర్లను నెమ్మదిగా తీస్తుంది. కనీసం ఉండాల్సిన సంఖ్య కంటే తగ్గిపోయేట్టుంటే, అడిగింది ఎవరైనా సరే, తీయదు.