పరిశోధనకు గొంతు: యూనివర్సిటీ పాడ్‌కాస్ట్‌పై అపోహలు – వాస్తవాలు

పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర తవ్వితీసిన రాక్షసబల్లి ఎముకలను పరిశీలించి, దానికి 1988లో ‘కోటాసారస్ యామనపల్లియెన్సిస్’ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం ఇవాళ హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో ఉంది. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన నాణేలు శాతవాహనుల తొలినాళ్ల చరిత్రకు ఆధారమయ్యాయి. నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపిలోని రాతప్రతులు బయటపడ్డాయి. ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. జగిత్యాల పక్కనున్న పొలాస పరిశోధన స్థానంలో పుట్టిన వరి వంగడాలు ఎన్నో జిల్లాల పొలాలకు చేరాయి.

ఉత్తర తెలంగాణ నేల మీద ఇంత పరిశోధన జరిగింది. దాని ఫలితం మాత్రం చాలావరకు ఇంగ్లీషులో, థీసిస్ అట్టల మధ్య, ‘శోధ్‌గంగ’ లాంటి భాండాగారాల్లో ఉండిపోయింది. వివరాలు చెప్పిన రైతుకూ, పాట పాడి వినిపించిన ప్రధాన్ తెగ కళాకారుడికీ తిరిగి అందింది తక్కువ. కరీంనగర్‌లో 2008లో ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయం, బాసర ట్రిపుల్ ఐటీ, పొలాస వ్యవసాయ కళాశాల లాంటి చోట్ల చదివే, చదువు చెప్పే వాళ్లు ఈ బాకీ తీర్చడానికి పాడ్‌కాస్ట్ చక్కని దారి. మొదలుపెడదామనుకోగానే అడ్డొచ్చే అపోహలను ఇక్కడ ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: స్టూడియో లేనిదే పని కాదు.

వాస్తవం: మంచి ఫోను, కాలర్‌కు పెట్టుకునే చిన్న మైకు, ఉచితంగా దొరికే ‘ఆడాసిటీ’ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే మొదలుపెట్టవచ్చు. రికార్డింగ్‌ను పాడుచేసేది ఎక్కువగా గదే. ఖాళీ తరగతి గదిలో మాట గోడలకు తగిలి మోగుతుంది. లైబ్రరీలో పుస్తకాల బీరువాల మధ్యో, దుప్పట్లు, బొంతలు వేలాడదీసిన చిన్న గదిలోనో కూర్చుంటే ఆ మోత తగ్గుతుంది. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. ఫ్యాను, కూలరు ఆపక తప్పదు కాబట్టి మన ఎండాకాలంలో తెల్లవారుజామునే రికార్డు చేసుకోవడం మేలు. అరగంట మాటలను 64 కేబీపీఎస్ మోనోలో దాస్తే ఫైలు 15 ఎంబీ లోపే ఉంటుంది.

అపోహ: రేడియోకు లాగే దీనికీ కేంద్రం లైసెన్సు కావాలి.

వాస్తవం: రేడియో ప్రసార తరంగాలను వాడుకుంటుంది కాబట్టి దానికి లైసెన్సు ఉండాలి. విద్యాసంస్థలు కమ్యూనిటీ రేడియో పెట్టుకోవడానికి 2002లో కేంద్రం విధానం తెచ్చింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ అవకాశం ఇచ్చింది. పాడ్‌కాస్ట్ ఇంటర్నెట్‌లో పెట్టే ఆడియో కాబట్టి ఆ లైసెన్సుతో పని లేదు. అయితే యూనివర్సిటీ పేరు, ముద్ర వాడాలంటే రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. కాపీరైటు, పరువునష్టం చట్టాలు అందరికీ వర్తించినట్టే దీనికీ వర్తిస్తాయి. ముప్పై సెకన్ల లోపు సినిమా పాటను ఎవరైనా వాడుకోవచ్చన్న మాట చాలామంది నోట వినిపిస్తుంది. 1957 నాటి కాపీరైటు చట్టంలో అలాంటి లెక్క ఏదీ లేదు.

అపోహ: పరిశోధన గురించి తెలుగులో చెప్తే ఎవరు వింటారు? ఊళ్లో వాళ్లకు ఏం అర్థమవుతుంది?

వాస్తవం: నాకు అన్నింటికన్నా బాధ కలిగించే మాట ఇదే. జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు నడిపే ‘సంఘం రేడియో’ 2008 అక్టోబర్ 15న మొదలైంది. విత్తనాలు, చిరుధాన్యాలు, పంటల గురించి వాళ్లు తమ యాసలోనే చెప్తారు, ఊళ్లు వింటాయి. 1986లో మొదలైన ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రం గోండి కార్యక్రమాలనూ ప్రసారం చేస్తుంది. వినే అలవాటు మన పల్లెలకు కొత్తేమీ కాదు. వాళ్లకు పనికొచ్చే మాట వాళ్ల భాషలో అందడమే అరుదు.

ఒక ఉదాహరణ చూడండి. పొలాస నుంచి వచ్చిన ‘జగిత్యాల సన్నాలు’ ఉల్లికోడు పురుగును తట్టుకునే వరి వంగడం. ఈ పురుగు ఆశించిన పిలక కంకి వేయదు, ఉల్లికాడలా గొట్టంగా మారిపోతుంది. ఈ పురుగులోనే వేర్వేరు రకాలున్నాయి. ఒక రకాన్ని తట్టుకునే వంగడం మరో రకానికి లొంగిపోవచ్చు. ఒక ఊళ్లో నిలబడ్డ విత్తనం ఇంకో ఊళ్లో ఎందుకు నిలబడలేదన్న రైతు ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఒక శాస్త్రవేత్తను, ఇద్దరు రైతులను కూర్చోబెట్టి మాట్లాడిస్తే అరగంట ఇట్టే గడిచిపోతుంది. ఇందులో ఇంగ్లీషు లేకపోతే చెప్పలేనిది ఏముంది?

యాస గురించి కూడా ఒక మాట. జగిత్యాల పిల్ల మైకు ముందు కూర్చోగానే వార్తలు చదివే గొంతు తెచ్చిపెట్టుకోవాల్సిన పని లేదు. ఇంట్లో అమ్మకు ఎట్లా చెప్తుందో అట్లా చెప్తే చాలు.

అపోహ: అచ్చయిన పేపర్‌ను చదివేస్తే ఎపిసోడ్ అయిపోతుంది.

వాస్తవం: కాదు. కంటికి రాసింది చెవికి ఎక్కదు. పట్టికలు, ఉటంకింపులు వదిలేసి ఒక్క ప్రశ్నను పట్టుకోండి. ఎందుకు అనుమానం వచ్చింది, ఏ ఊరికి వెళ్లారు, ఏది అనుకున్నట్టు జరగలేదు, చివరికి ఏం తేలింది, ఇంకా ఏది తేలలేదు? ఈ ఆఖరి ప్రశ్నను మన పరిశోధకులు దాటేస్తుంటారు. వినేవాళ్లకు నమ్మకం కుదిరేది అక్కడే.

అపోహ: ముందే చెప్పేస్తే జర్నల్ వాళ్లు పేపరు తీసుకోరు, పేటెంటూ పోతుంది.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది, కాబట్టి కొట్టిపారేయకండి. అచ్చయిన పని గురించి సొంత మాటల్లో చెప్పడానికి అభ్యంతరం ఉండదు. వాస్తవాలకూ, ఆలోచనలకూ కాపీరైటు లేదు. పేపర్లోని బొమ్మలు, పాఠం యథాతథంగా వాడాలంటే మాత్రం హక్కులు ఎవరివో చూసుకోవాలి. ఇంకా అచ్చుకాని ఫలితం అయితే ఆ జర్నల్ నియమాలు చదివి, గైడ్‌తో మాట్లాడాకే మైకు ముందుకు వెళ్లండి. పేటెంటు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 1970 నాటి భారత పేటెంటు చట్టం ప్రకారం, దరఖాస్తు పెట్టకముందే బయటపడిన ఆవిష్కరణకు కొత్తదనం పోతుంది. కేంద్రం గుర్తించిన ప్రదర్శనలు, విద్వత్ సభల్లో చదివిన పత్రాల వంటి కొద్ది సందర్భాల్లో 12 నెలల వెసులుబాటు ఉంది. పాడ్‌కాస్ట్‌లో చెప్పినదానికి అది వర్తిస్తుందన్న భరోసా పెట్టుకోవద్దు. ముందు దరఖాస్తు, తర్వాతే ఎపిసోడ్.

అపోహ: ఫీల్డ్‌వర్క్‌లో రికార్డు చేసుకున్న గొంతులు, పాటలు మనవే, ఎలాగైనా వాడుకోవచ్చు.

వాస్తవం: ఆదిలాబాద్ అడవుల్లో పనిచేసేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. 1940లో గోండు నాయకుడు కొమురం భీం అమరుడయ్యాక, నిజాం సర్కారు పిలుపుతో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ భార్యతో వచ్చి మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని నమోదు చేశారు. ఆయన కాగితాలు, ఫొటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆ పరిశోధన గొప్పది. మార్లవాయి ఆ దంపతులను నేటికీ గౌరవంగా తలుచుకుంటుంది. గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు గారిదీ ఆ ఊరే. కానీ మార్లవాయి పిల్లల తాతల బొమ్మలు లండన్‌లో ఉండిపోవడం న్యాయం కాదు.

అందుకని థీసిస్ కోసం తీసుకున్న అనుమతి పాడ్‌కాస్ట్‌కు సరిపోదు. గొంతు లోకమంతా వినిపిస్తుందనీ, ఒకసారి బయటికి వెళ్లాక పూర్తిగా వెనక్కి తీసుకోలేమనీ వాళ్ల భాషలో చెప్పి, మళ్లీ అడగాలి. అక్షరం రాని పెద్దవాళ్లయితే ఆ ఒప్పుకోలునే రికార్డు చేసుకోవచ్చు. గోండుల వంశదైవం పెర్సాపేన్ పూజలో ప్రధాన్లు కిక్రి వాద్యం మీద వినిపించే వంశగాథ లాంటివి పూజకు చెందినవి. ఊరి పెద్దలు, పూజారి అయిన కటోడా వద్దంటే అక్కడితో ఆపాలి. వనమూలికల వైద్యుడు చెప్పిన మందు, ఆ మొక్క దొరికే చోటు కూడా అలాంటివే. 2002 నాటి జీవవైవిధ్య చట్టం స్థానికుల జ్ఞానం నుంచి వచ్చే లాభంలో వాళ్లకు వాటా ఉండాలంటుంది. ప్రసారం చేశాక ఆ వాటా కాపాడటం కష్టం.

అపోహ: వేలమంది వినకపోతే దండుగ.

వాస్తవం: ఉల్లికోడు మీద చేసిన ఎపిసోడ్ వరి వేసే ఊళ్లకు చేరితే చాలు. సిగ్నల్ సరిగా అందని ఏజెన్సీ గూడేల కోసం ఫైలును ఉట్నూర్, జైనూర్ అంగళ్లలో బ్లూటూత్ మీద పంచవచ్చు. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన ‘సీజీనెట్ స్వర’ మామూలు ఫోన్ కాల్ మీదే గోండి మాటలను చేరవేసింది. ఎపిసోడ్‌ను ప్రసారం చేస్తారేమో ఆకాశవాణి ఆదిలాబాద్ వాళ్లను కూడా అడిగి చూడండి.

విశ్వవిద్యాలయాల పెద్దలకు ఒక విన్నపం. ప్రతి పరిశోధక విద్యార్థికీ వైవా అయ్యాక ఒక్క ఎపిసోడ్‌కు వీలు కల్పించండి, వార్షిక నివేదికలో దానికి చోటివ్వండి. పరిశోధక మిత్రులారా, మీ మొదటి ఎపిసోడ్‌ను ఇంటర్నెట్‌లో పెట్టకముందే మీకు వివరాలిచ్చిన ఊరికి తీసుకెళ్లి వినిపించండి. అక్కడివాళ్లు దిద్దమన్నవి దిద్దాకే విడుదల చేయండి.