దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కింపరాదా?

ఉచితముగ లభించిన వస్తువును నిందించుట న్యాయమా? కంప్యూటరును నడిపించు లినక్స్‌ను ఏండ్ల తరబడి నమ్మినవారు దాని నాణ్యత తగ్గినదని వాపోవునపుడు ఎదురగు ప్రశ్న యిది.

మార్క్ షటిల్‌వర్త్ స్థాపించిన ఉబుంటు 2004 అక్టోబరులో వెలువడినది. తోటివారియెడ మానవత్వమని ఆ ఆఫ్రికా పదమునకు భావము. 2011 వరకు కోరినవారికి తపాలా రుసుమైనను గొనక సీడీలను పంపిరి. ఇంటర్నెట్ ఎరుగని అడవిసీమకు సైతము అది చేరగలిగెను.

పిదప మార్పులు మొదలైనవి. 2011లో అలవాటైన తెరను మార్చి యూనిటీని తెచ్చిరి; 2017లో దానినీ విడిచిరి. ఆ యేడే 32-బిట్ యంత్రములకు డెస్క్‌టాప్ ప్రతిని నిలిపిరి. 2022లో ఫైర్‌ఫాక్స్‌ను స్నాప్ రూపమున అందింపగా, మొదట అది తెరచుకొనుటకే జాగైనది.

నగరవాసికి ఇది విసుగు మాత్రమే. పాత యంత్రమే ఆధారమైనచో జైనూర్ విద్యార్థికి ఇది చదువునకే అడ్డు. ఆ పరిసరములలోని గుంజాలలో బయల్పడిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరినది. అంతకుముందటి కూర్పులకు ఆ లిపి తెలియదు. ఉబుంటు కొత్త కూర్పులు పాత 32-బిట్ యంత్రముపై సాగవు.

ఐనను లినక్స్ మూలరచన అందరిది. 2020లో లినక్స్ మింట్ నిర్మాతలు ఉబుంటును ఆధారముగ గొనియు స్నాప్‌ను తిరస్కరించిరి. కావున దోషమును ఎత్తిచూపుట కృతఘ్నత కాదు. విసిగి విడుచుటకన్న, లోపమును వివరముగ వ్రాసి నిర్మాతలకు తెలుపుట మేలు. ఉపాధ్యాయులు విద్యార్థులకు నేర్పదగిన అలవాటది.