సంగటి తిన్నా షుగర్ ఎట్లొస్తుంది?

పుంగనూరు నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అన్నా, మా నాయన సన్నగా ఉంటాడు, సంగటే తింటాడు, టమాటా తోటలో పని. ఆయనకి షుగర్ ఎట్లొచ్చింది?"

నేను బీటెక్ చేసినోణ్ణి, డాక్టర్ని కాను. వంశం, వయసు, తిండి, నిద్ర... కారణాలు చాలా ఉంటాయి. కానీ మన వైపు ఎవరూ మాట్లాడనిది ఒకటుంది, పురుగుమందు.

మదురై కామరాజ్ యూనివర్సిటీ వాళ్లు 2017లో 'జీనోమ్ బయాలజీ' పత్రికలో ఒక పరిశోధన వేశారు. ఎలుకలకి 180 రోజులు మోనోక్రోటోఫాస్ ఇచ్చారు. మన రైతులు 'మోనో' అంటారే, అదే. పేగుల్లోని బ్యాక్టీరియా దాన్ని విరగ్గొడితే అసిటిక్ యాసిడ్ పుట్టింది. అది లివర్‌కి చేరి గ్లూకోజ్‌గా మారింది. అంటే తీపి తినకపోయినా రక్తంలో చక్కెర పెరిగింది. తమిళనాడు పల్లెల్లో సర్వే చేస్తే, మందుతో పని ఉన్నోళ్లలో షుగర్ ఎక్కువ కనిపించింది. సంబంధం ఉందనే దాని అర్థం, అదే కారణమని రుజువైనట్టు కాదు.

మరి తిండి ఎక్కడ కలుస్తుంది? లివర్ వదిలే గ్లూకోజ్ అయినా, అన్నంలోంచి వచ్చేదైనా, సర్దాల్సింది ఒకటే ఇన్సులిన్. ఒకే సర్వర్ మీద రెండు లోడ్లు అన్నమాట. రాగిలో పీచు ఉంది కాబట్టి మంచిదే. కానీ ముద్దలో పిండి ఎంత, బియ్యం ఎంత? ఎన్ని ముద్దలు? అది కూడా చూడాలి.

కూరగాయల మీద మోనో వాడకాన్ని 2005లోనే నిషేధించారు. ఇది మొక్క లోపలికి ఎక్కే మందు, కాయని కడిగితే మొత్తం పోదు. ఏ మందుకైనా కొట్టాక ఇన్ని రోజులు ఆగి కోయాలని లేబుల్ మీద ఉంటుంది. టమాటా కోత మొదలయ్యాక రెండు మూడు రోజులకోసారి కోయాల్సిందే, మదనపల్లె మార్కెట్లో రేటున్నప్పుడు ఎవరాగుతారు చెప్పండి? రైతునొక్కణ్ణే తిట్టి లాభం లేదు.

నా లెక్కలో తినేవాడి కంటే కొట్టేవాడికే ప్రమాదం ఎక్కువ. ఈ రకం మందులు చర్మంలోంచి కూడా లోపలికి పోతాయి. కుప్పం వైపు పొలాల్లో చూడండి, ముఖానికి తువ్వాలు, ఒంటి మీద బనియన్, అంతే. నిండు చేతుల చొక్కా, గ్లవ్స్ వేసుకోవాలి. మధ్యలో బీడీ, టిఫిన్ వద్దు. సబ్బుతో కడుక్కున్నాకే తినాలి. ఆ బట్టలు వేరేగా ఉతకాలి. డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటే అది అత్యంత విషపూరితమైన మందు.

ఇంట్లో 30 దాటినోళ్లుంటే దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. షుగర్ టెస్ట్ ఉచితం. సన్నగా ఉన్నారు కదా అని వదిలేయొద్దు.