దైనందిన జీవితమే దైవార్పణ

ఉక్కు కర్మాగారంలోని బ్లాస్ట్ ఫర్నేసుకు ఆదివారమనేది లేదు. ఒకసారి రాజుకున్న పిమ్మట అది ఏళ్ళ తరబడి రేయింబవళ్ళు మండుతూనే ఉండాలి. ఇనుప ఖనిజం, కోక్, సున్నపురాయి పైనుండి పడుతూ ఉండగా కరిగిన ఇనుము క్రిందినుండి వెలువడుతూ ఉంటుంది. అందుచేత కార్మికులు మూడు షిఫ్టులలో పనిచేస్తారు. ఆదివారం ఉదయం చర్చి గంట మ్రోగే వేళకు కొందరు కొలిమి దగ్గర ఉండక తప్పదు. ఆనాడు క్రైస్తవ కార్మికుడు తన ఆరాధనను ఎక్కడ చెల్లించాలి? దైనందిన జీవితాన్ని దేవునికి సమర్పించటమనే క్రైస్తవ భావన ఈ ప్రశ్నకు సమాధానం చెబుతుంది.

దుర్గ్ జిల్లాలోని భిలాయి ఇటువంటి ప్రశ్నకు సహజమైన నెలవు. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందం ఫలితంగా అక్కడ ఉక్కు కర్మాగారం వెలసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. అప్పటి మధ్యప్రదేశ్‌లో, 2000 నుండి ఛత్తీస్‌గఢ్‌లో భాగమైన ఈ పట్టణానికి దేశం నలుమూలలనుండి జనం తరలివచ్చారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు వారిలో ఎందరో ఉన్నారు. దేవాలయం, మసీదు, గురుద్వారా, చర్చి ఒకే పట్టణంలో వెలిశాయి. వీటిలో ప్రార్థించేవారు కర్మాగారంలో ఒకే యంత్రం వద్ద భుజం భుజం కలిపి పనిచేస్తారు.

సమర్పణ అనగానే సంసారాన్ని, వృత్తిని త్యజించటమే స్ఫురించటం సాధారణం. క్రైస్తవ బోధలో దాని అర్థం ఇంకా విశాలమైనది. రోమా సంఘానికి వ్రాసిన లేఖలో పౌలు, విశ్వాసులు తమ శరీరాలనే సజీవమైన బలిగా దేవునికి అర్పించాలని కోరాడు. శరీరమంటే పనిచేసే చేతులు, నడిచే కాళ్ళు, మాటలాడే నోరు. పౌలు స్వయంగా డేరాలు కుట్టి జీవించినవాడు. ఏసుక్రీస్తు నజరేతులో వడ్రంగిగా పేరెరిగినవాడు. కాబట్టి చేతిపని దైవసేవకు అడ్డంకి అన్న అభిప్రాయానికి ఈ మతంలో మొదటినుండి తావు లేదు. ఈ సమర్పణ దేవుని అనుగ్రహానికి చెల్లించే మూల్యం కాదు; క్రీస్తునందు ముందే లభించిన ప్రేమకు మనిషి చూపే కృతజ్ఞత అని క్రైస్తవులు విశ్వసిస్తారు.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ పదిహేడవ శతాబ్దపు ఫ్రాన్సులో కనిపిస్తుంది. సైనికుడుగా పనిచేసి, తరువాత పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో చేరిన సహోదరుడు లారెన్స్‌కు వంటశాల పని అప్పగించారు. ఆ పని ఆయనకు సహజంగా ఇష్టమైనది కాదు. అయినా గిన్నెల చప్పుడు మధ్య కూడా దేవుని సన్నిధిని మరువకుండా ఉండటం ఆయన అలవరచుకున్నాడు. ప్రార్థనాసమయానికీ పని సమయానికీ మధ్య తేడా లేని స్థితికి చేరుకున్నాడు. 1691లో ఆయన మరణించిన పిమ్మట ఆ సంభాషణలు, లేఖలు గ్రంథరూపం దాల్చి ఎన్నో భాషలలోకి వెళ్ళాయి.

తెలుగు నేలపై ఈ భావనను సామాన్యుల బ్రతుకులోకి తెచ్చినవారిలో బిషప్ అజరయ్య ప్రముఖులు. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో జన్మించిన ఈ తమిళుడు తెలుగు నేర్చి, దోర్నకల్‌ను కార్యక్షేత్రంగా చేసుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తులైన ఆయన 1945లో మరణించేవరకు అక్కడే సేవచేశారు. ఆయన సంఘస్థులలో అధికులు మాల, మాదిగ కులాలకు చెందిన వ్యవసాయ కూలీలు. అపరిశుభ్రత, వ్యాధి, అప్పు, తాగుడు అనే నాలుగింటితో పోరాడటం విశ్వాసంలో భాగమని ఆయన బోధించారు. ఇల్లు ఊడ్చుకోవటం, కల్లుదుకాణం దాటిపోవటం, అప్పు చేయకుండా ఉండటం ఆ విధంగా భక్తికి గుర్తులయ్యాయి. తెలుగు సంఘాలలో కోతపండుగనాడు ధాన్యం, కూరగాయలు, కోళ్ళు తెచ్చి బలిపీఠం ముందుంచే ఆచారం కూడా ఈ భావానికే రూపం. పేదవాడు తన దగ్గర లేనిదాన్ని తేనక్కరలేదు. తన చెమటతో పండినదాన్నే తెస్తాడు. 1939లో ప్రతిష్ఠితమైన దోర్నకల్ ఎపిఫనీ దేవాలయం హిందూ, ముస్లిం శిల్పరీతులను తనలో కలుపుకొని నేటికీ నిలిచి ఉంది.

అంతా దేవునికి అప్పగించినవాడు తన బాధ్యతను వదులుకుంటాడా అన్న సందేహం కలుగవచ్చు. కర్మాగారంలో ఇది ప్రాణాలతో ముడివడిన ప్రశ్న. భిలాయిలో 2014 జూన్‌లో జరిగిన విషవాయు ప్రమాదం, 2018 అక్టోబరులో కోక్ ఓవెన్ గ్యాసు గొట్టం వద్ద సంభవించిన అగ్నిప్రమాదం పలువురిని బలిగొన్నాయి. దేవుడే కాపాడతాడని శిరస్త్రాణం తీసివేయటం, గ్యాసు పరీక్ష మానివేయటం సమర్పణ కాదు. దేవాలయ శిఖరంనుండి దూకితే దేవదూతలు పట్టుకుంటారన్న శోధకుని మాటను క్రీస్తు నిరాకరించాడు, దేవుని పరీక్షించరాదన్నాడు. ఆయన నేర్పిన ప్రార్థనలో దేవుని చిత్తం నెరవేరాలన్న కోరికతోపాటే అనుదినాహారం కోసం విన్నపమూ ఉంది. చేయవలసినది శ్రద్ధగా చేసి, చేతికి మించినదానిని గురించిన భయాన్ని దేవునికి వదలటమే ఈ సమర్పణలోని నెమ్మది.

ఈ భావానికి బంధువులు ఇతర మతాలలోనూ ఉన్నారు. కర్మలను ఈశ్వరార్పణం చేయమని భగవద్గీత బోధిస్తుంది. వైష్ణవంలో శరణాగతి ప్రధానం. ఇస్లాం అన్న మాటకే దైవానికి లోబడటమని అర్థం. నిజాయితీతో కష్టించి జీవించటాన్ని సిక్కు గురువులు ధర్మంగా చెప్పారు. సిద్ధాంతాలు వేరైనా, వీటిని ఆచరించేవారు పని దగ్గర ఒకరినొకరు సులభంగా గుర్తుపడతారు.

క్రీస్తు బోధ ఈ విషయంలో మరింత సూటియైనది. కానుక తెచ్చినవానికి, తనపై సోదరునికి ఏదో వ్యథ ఉన్నదని గుర్తుకు వస్తే, కానుకను బలిపీఠం ముందే విడిచి మొదట వానితో సమాధానపడి రావాలి. దీనిని బట్టి దేవునికి అర్పించిన దినం ఎటువంటిదో తోటివాడే చెప్పగలడు. ఆదివారం షిఫ్టులో ఉన్న కార్మికుడు పరధ్యానం లేకుండా పనిచేసి, ప్రక్కవాని క్షేమం చూసి, తరువాతి షిఫ్టువానికి ఉన్నది ఉన్నట్లు అప్పగించి ఇంటికి మరలితే, అతడు ఆనాటి ఆరాధన చెల్లించినట్లే.