సిమెంటు బస్తాలో జిప్సం: తాపీమేస్త్రికి దక్కే అరగంట

మిరపకాయలు ఆరబోసే కల్లానికి గచ్చు చేయించాలన్నా, పత్తి నిల్వ చేసుకునే గదికి గోడ లేపాలన్నా నేడు పల్లెల్లో సిమెంటే గతి. ఇసుకలో సిమెంటు కలిపి నీళ్లు పోశాక, మాలు తట్టకెత్తి గోడ దాకా చేరేలోగా బిగుసుకుపోకుండా కాపాడుతున్నది ఏమిటో చాలామందికి తెలియదు. చౌడు నేలల్లో రైతు చల్లే జిప్సమే ఆ పని చేస్తున్నది. వేరుసెనగ ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోల చొప్పున వేసేదీ అదే.

సున్నపురాయి నుంచి సిమెంటు దాకా

పలనాడు సున్నపురాయికి పెట్టింది పేరు. మాచర్లలో కె.సి.పి. సంస్థ 1958లోనే సిమెంటు కర్మాగారం నెలకొల్పింది. సున్నపురాయిని, బంకమన్ను వంటి పదార్థాలను పొడిచేసి సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చితే క్లింకర్ అనే గట్టి ఉండలు వస్తాయి. వాటిని మిల్లులో పిండి చేసేటప్పుడు నూటికి 3 నుంచి 5 పాళ్లు జిప్సం కలుపుతారు. అంటే 50 కిలోల మామూలు సిమెంటు బస్తాలో ఉండే జిప్సం సుమారు ఒకటిన్నర నుంచి రెండున్నర కిలోలు.

ఈ జిప్సం కొంత రాజస్థాన్ గనులనుంచి వస్తుంది. విశాఖపట్నం వంటిచోట్ల ఎరువుల కర్మాగారాల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం తయారుచేయగా మిగిలే ఫాస్ఫోజిప్సాన్ని కూడా శుద్ధిచేసి వాడతారు.

జిప్సం లేకపోతే?

క్లింకర్‌లో సున్నం, అల్యూమినా కలిసి ఏర్పడిన ఒక పదార్థం ఉంటుంది. నీరు తగలగానే అది నిమిషాల్లో వేడెక్కి రాయిలా బిగుసుకుంటుంది. జిప్సం దానితో కలిసి రేణువుల చుట్టూ సన్నని పొరలా ఏర్పడి, ఆ తొందరను ఆపుతుంది. ఈలోగా మేస్త్రి పని ముగించుకోవచ్చు.

భారతీయ ప్రమాణాల ప్రకారం సిమెంటు 30 నిమిషాలకన్నా ముందుగా బిగుసుకోవడం మొదలుపెట్టకూడదు. 600 నిమిషాలలోగా, అంటే 10 గంటల్లో, పూర్తిగా బిగుసుకోవాలి. అయితే ఈ పరీక్ష 27 డిగ్రీల చల్లదనంలో జరుగుతుంది. గుంటూరు, ప్రకాశం ఎండల్లో 40 డిగ్రీలు దాటిన రోజున వ్యవధి ఇంకా తగ్గుతుందని గుర్తుంచుకోవాలి.

దొంగ బిగువు, అసలు బిగువు

ఒక్కోసారి కలిపిన కొద్ది నిమిషాలకే మాలు గట్టిపడుతుంది. దీనికి కారణాలు రెండు. మిల్లు మరీ వేడెక్కితే జిప్సంలోని నీరు ఆవిరై, విరిగిన ఎముకకు వేసే పిండికట్టు పొడిలా మారుతుంది. నీరు తగలగానే అది బిగుస్తుంది. ఇది దొంగ బిగువు. నీళ్లు పోయకుండా పారతో మళ్లీ బాగా కలిపితే మాలు మెత్తబడుతుంది, నిశ్చింతగా వాడవచ్చు.

అలా కలిపినా మెత్తబడక, చేతికి వేడి తగిలితే అది అసలు బిగువు. ఆ మాలును పక్కన పారేయడమే మేలు. ఎక్కువ నీళ్లు పోసి నానబెట్టి వాడితే గచ్చు బలం తగ్గి, కొన్నాళ్లకే పెచ్చులు లేస్తుంది. నాలుగు తట్టల మాలు పోయినా నష్టం కొద్దిదే. కల్లం మళ్లీ వేయించాల్సివస్తే నష్టం మొత్తం రైతుదే.

రైతులు గమనించవలసినవి

అరగంటలో వాడగలిగినంత మాలే కలపాలి. ఎండ ముదిరాక కాక, ఉదయం, సాయంత్రం పని పెట్టుకోవాలి. కలిపే చోట నీడ ఉండాలి. గచ్చు బిగిశాక కనీసం వారం రోజులు తడి ఆరనీయకూడదు.

మాలు త్వరగా బిగుస్తున్నదని పొలానికి తెచ్చిన జిప్సాన్ని అందులో కలపడం మాత్రం తగదు. జిప్సం మోతాదు మించితే గచ్చు గట్టిపడిన తర్వాత లోపల ఉబ్బి పగుళ్లిస్తుంది. బస్తాలో ఉండవలసినంత జిప్సం కర్మాగారంలోనే కలుపుతారు. పొలం జిప్సం పొలానికే.