చెప్పులే కాదు.. మాటలూ అరుగుతాయి!

మెకానికల్ విద్యార్థి ఒకరు హెచ్‌ఆర్ రౌండ్‌లో కూర్చున్నారనుకోండి. ‘టీమ్‌లో ఫ్రిక్షన్ వస్తే ఎలా హ్యాండిల్ చేస్తారు?’ అని అడిగారు. నాలుగేళ్లు చదివిన సబ్జెక్టాయె! వెంటనే ‘లూబ్రికెంట్ వాడతాను సర్’ అనేశారు. వినడానికి నవ్వొస్తుంది గానీ, ఆ కంగారులో మనలో చాలామంది అలాగే తడబడతాం. ఆ మాటకు ల్యాబ్‌లో ఒక అర్థం, ఆఫీసులో ఇంకో అర్థం. మన ‘ఘర్షణ’ కూడా అంతే కదా! ఫిజిక్స్ పుస్తకంలో రెండు తలాల మధ్య ఉంటుంది, పేపర్లో రెండు వర్గాల మధ్య ఉంటుంది.

రుద్దడం, రాపిడి, అరుగుదల.. వీటి చుట్టూ ఇంగ్లిష్‌లో చాలా మాటలున్నాయి. బట్టీ పట్టక్కర్లేదు. ‘ఏది దేన్ని అరగదీస్తోంది?’ అని ప్రశ్నించుకుంటే చాలావరకు తేడా తెలిసిపోతుంది.

ఎవరి పని వారిదే

ఫ్రిక్షన్: ఒక తలం మరో తలంపై జరగకుండా అడ్డుకునే బలం. ఇక్కడ ఏదీ అరిగి తీరాలని లేదు. మనుషుల మధ్య అయితే పొసగకపోవడం.

అబ్రేషన్: గరుకు వస్తువు గీరడం. సాండ్‌పేపర్ చెక్కను అరగదీసేది ఇలాగే. బండి మీద నుంచి పడి మోచేయి గీరుకుపోతే డాక్టర్ చీటీలో రాసే మాటా ఇదే. ఎవరినైనా ‘అబ్రేసివ్’ అన్నారంటే.. మాట కటువని అర్థం.

ఎరోజన్: నీరో, గాలో కొద్దికొద్దిగా కోసుకుంటూ పోవడం. ఉప్పాడ తీరాన్ని సముద్రం కోసేయడం కోస్టల్ ఎరోజన్. నమ్మకం మెల్లమెల్లగా సడలిపోయినా ‘ఎరోడ్’ అయిందనే అంటారు.

కరోజన్: దీనికి రాపిడి అక్కర్లేదు, రసాయన చర్య చాలు. ఇనుముకు పట్టే తుప్పు దీనికి తేలికైన ఉదాహరణ.

వేర్ అండ్ టేర్: రోజువారీ వాడకంతో సహజంగా వచ్చే అరుగుదల. వారంటీ పత్రాల్లో, అద్దె ఒప్పందాల్లో కనిపిస్తుంది.

ఒక చిన్న గుర్తు. లాటిన్‌లో ‘రోడెరే’ అంటే కొరకడం. ఎరోజన్, కరోజన్, ఎలుక జాతికి వాడే రోడెంట్.. మూడూ అక్కడివే. ‘రాడెరే’ అంటే గీకడం. అబ్రేషన్, ఎరేజర్, రేజర్ ఆ కుటుంబానివి.

పరీక్షలో ఇక్కడ జాగ్రత్త

గ్రూప్స్, సివిల్స్ జాగ్రఫీలో ‘కరేజన్’, ‘కరోజన్’ పక్కపక్కనే ఉండి తికమక పెడతాయి. నది మోసుకొచ్చే రాళ్లు, ఇసుక నదీగర్భాన్ని గీరితే కరేజన్. నీరు రాతిని రసాయనికంగా కరిగిస్తే కరోజన్. ఆ రాళ్లే ఒకదానికొకటి ఒరుసుకుని నున్నబడితే అట్రిషన్.

మెకానికల్ వాళ్లకు మరొకటి: రాపిడి, అరుగుదల, లూబ్రికేషన్‌లను కలిపి చదివే శాస్త్రం ట్రైబాలజీ. రుద్దడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిన ఈ పేరు 1966లో బ్రిటన్‌లో వెలువడిన జోస్ట్ నివేదికతో ప్రచారంలోకి వచ్చింది.

ఆఫీసులో అట్రిషన్

ఉద్యోగంలో చేరాక ఎక్కువగా వినేది ఈ మాటే. ఉద్యోగులు మానేస్తూ సంస్థ సిబ్బంది తరిగిపోవడం అట్రిషన్. ఏడాదిలో సగటున 200 మంది ఉన్నచోట 30 మంది వెళ్లిపోతే అట్రిషన్ రేటు 15 శాతం. ఆప్టిట్యూడ్ పరీక్షలో డేటా ప్రశ్నగానూ ఇది రావచ్చు.

మీ జవాబు అరిగిపోయిందా?

అట్రిషన్‌కు దగ్గరి చుట్టం ‘ట్రైట్’. వాడి వాడి అరిగిపోయిన మాట అని అర్థం. ‘ఐయామ్ ఎ హార్డ్ వర్కర్, టీమ్ ప్లేయర్’ సరిగ్గా అలాంటిదే. మీకంటే ముందు లోపలికెళ్లిన పదిమందీ అదే చెప్పి ఉంటారు. దానికి బదులు ‘ప్రాజెక్టు మధ్యలో ఫ్రెండ్‌కు జ్వరమొస్తే అతడి మాడ్యూల్ కూడా నేనే పూర్తిచేశా’ అనండి. నిజంగా చేసి ఉంటేనే సుమా!

జావా చదివి ఏడాదైందా? ‘రాదు’ అని చేతులెత్తేయకండి. అలాగని అంతా వచ్చని బుకాయించొద్దు. ‘మై జావా ఈజ్ ఎ బిట్ రస్టీ, ఐయామ్ బ్రషింగ్ అప్ ఆన్ ఇట్’ అనండి. తుప్పు పట్టిన మాట నిజమే, వదిలిస్తున్నానని నిజాయతీగా చెప్పినట్టే. మర్నాటి నుంచి ఆ పని చేయండి మరి.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. టీమ్‌లో ఫ్రిక్షన్ గురించి అడిగితే ‘మా మధ్య ఎప్పుడూ గొడవల్లేవు’ అని తప్పించుకోవద్దు. పేచీ ఎక్కడొచ్చింది, మీరు ఎవరితో ఏం మాట్లాడారు, పని ఎలా ముందుకెళ్లింది.. ఈ మూడూ ఈ రాత్రే కాగితం మీద రాసి, రెండుసార్లు పైకి చదవండి. ఉద్యోగం కోసం చెప్పులు అరిగేలా తిరుగుతున్న మీరు అరిగిపోయిన జవాబుతో వెనక్కి రావడం ఎందుకు?